అంట్ల తాతకి మట్టి ఇచ్చిన రోజు

మా గుమ్మం ముందు ఎవరైనా చెప్పులు విడవకుండా నిలబడ్డారంటే, వాళ్ళింట్లో ఎవరో పోయారని అర్థం. వేరే పని మీద వచ్చినవాళ్ళు అరుగెక్కి కూర్చుంటారు, మంచినీళ్ళు అడుగుతారు. వీళ్ళు మాత్రం వీధిలోనే ఆగి, నేల చూస్తూ, "పంతులుగారున్నారా అమ్మా?" అంటారు. నేను లోపలికి తిరిగి "నాన్నగారూ, మీ కోసం వచ్చారు" అనేదాన్ని. ఎవరు, ఎందుకు అని ఆయన అడిగేవారు కాదు. ఉత్తరీయం భుజాన వేసుకుని, గూట్లోంచి పంచాంగం, దర్భల కట్ట తీసుకుని బయల్దేరేవారు. వచ్చినవాళ్ళని మా అమ్మ "రండి" అనేది కాదు. వెళ్ళేటప్పుడు వాళ్ళు "వస్తాం" అనేవారు కాదు.

నాన్నగారు నూజివీడులో అపరకర్మలు చేయించే పురోహితులు. పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ వేరేవాళ్ళు ఉండేవారు. ఈయన్ని మాత్రం మనిషి పోయిన దగ్గర్నుంచి పన్నెండో రోజు వరకే పిలిచేవారు. పొద్దున్నే ఏదైనా పని మీద బయల్దేరినవాళ్ళు ఈయన ఎదురుపడితే వెనక్కి వెళ్ళి, కాసేపు ఇంట్లో కూర్చుని, మళ్ళీ బయల్దేరేవారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. అందుకే పొద్దున పూట పెరటి తలుపు తీసుకుని సందులోంచి నడిచి వెళ్ళేవారు. "ఎందుకు పాపం, వాళ్ళ పని చెడగొట్టడం" అనేవారు.

అలాంటి ఇల్లు కాబట్టే మా ఇంట్లో మాటల మీద కాపలా ఎక్కువ. బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్ళని బట్టి మాట మారేది. వైష్ణవులైతే పరమపదించారు. జంగాలైతే లింగైక్యం చెందారు. సన్యాసులైతే సిద్ధి పొందారు. మా బంధువులైతే కాలం చేశారు. మా వీధి చివర ఉండే క్రైస్తవుల టీచరమ్మ వాళ్ళ నాన్న పోయినప్పుడు "ప్రభువునందు నిద్రించారండీ" అని చెప్పింది. నాన్నగారు ఆ మాట విని, "నిద్రించారు! ఎంత బాగుందో చూడు" అన్నారు నాతో.

నేను పదో తరగతిలో ఉండగా మా స్కూలు వాళ్ళు చింతలపూడి వైపు ఒక కొండ మీదికి విహారయాత్రకి తీసుకెళ్ళారు. అక్కడ బౌద్ధ భిక్షువుల స్తూపాలు, ఇటుకవీ రాతివీ, పుట్టల్లాగా వరుసలు వరుసలుగా ఉన్నాయి. మా సోషల్ మాస్టారు ఒక స్తూపం మీద చెయ్యి వేసి, "దీని లోపల భిక్షువుల అస్థికలు దాచేవారు. దాచిన చోటుని ధాతుగర్భం అంటారు" అని చెప్పారు. ఇంటికొచ్చి నాన్నగారికి ఆ మాట చెప్పాను. ఆయన భోజనం మధ్యలో చెయ్యి ఆపి, "గర్భం అన్నారా? ఎముకలు పెట్టిన చోటుని?" అని రెండుసార్లు అడిగారు. ఆ సాయంత్రం పడక్కుర్చీలో కూర్చుని ఆ మాటే పైకి అనుకుంటూ ఉన్నారు. ఒక్క మాటకి ఒక పెద్ద మనిషి అలా నిలువెల్లా కదిలిపోవడం నేను చూడటం అదే మొదటిసారి. నేను తెలుగు టీచరునవడానికి కారణం ఆ సాయంత్రమేననిపిస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది అది జరిగిన ఆరేడేళ్ళకి, ఎనభైల నడిమి రోజుల్లో జరిగింది. అప్పటికి నేను నూజివీడులోనే ఒక ఆడపిల్లల స్కూల్లో పనిచేస్తున్నాను. నాన్నగారి కుడికంటికి పొర కమ్మింది. వానలో, మసక వెలుతురులో ఆయనకి దారి తెలిసేది కాదు. దూరం వెళ్ళాల్సి వస్తే, స్కూలుకి సెలవున్న రోజున, నేను తోడు వెళ్ళేదాన్ని. శ్మశానం దాకా కాదు. బస్సు ఎక్కించి, దింపి, ఆ ఇంటి దగ్గర అప్పగించి, మళ్ళీ వెంటబెట్టుకొచ్చేదాన్ని.

ఆ వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున, విస్సన్నపేట రోడ్డులో మామిడి తోట ఉన్న ఒక రైతు మా గుమ్మం ముందు నిలబడ్డాడు. గొడుగున్నా తడిసిపోయాడు.

"పంతులుగారూ, మా తోటలో అంట్ల తాత పోయాడండీ" అన్నాడు.

అంట్ల తాతని మా వైపు తోటలవాళ్ళలో ఎరగనివాళ్ళు లేరు. ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. నేను పుట్టకముందే వచ్చాడట. ఏటా తొలకరి పడేసరికి భుజాన గుడ్డ సంచీ, చేతిలో చిన్న కత్తితో హనుమాన్ జంక్షన్‌లో లారీ దిగి, తోట తోటా తిరిగి మామిడి అంట్లు కట్టేవాడు. టెంక నుంచి మొలిచిన మొక్కని మట్టి కుండీలో పెంచి, మంచి కాపు కాసే చెట్టు కొమ్మ దగ్గరికి చేర్చి, రెండిటి బెరడూ ఒక్క గీతలో చెక్కి, ఒకదానికొకటి ఆనించి నారతో కట్టేవాడు. ఆయన కట్టిన అంటు తప్పిపోదని పేరు. నూజివీడు చుట్టుపక్కల ఇవాళ కాస్తున్న రసాల చెట్లలో ఎన్ని ఆయన చేతి మీద బతికాయో ఎవరూ లెక్కపెట్టలేదు. పని అయ్యాక ఎటో వెళ్ళిపోయేవాడు. చివరి అయిదారేళ్ళుగా మాత్రం వెళ్ళడం మానేసి, ఈ రైతు తోటలో కాయలు కోసి గ్రేడింగ్ చేసే షెడ్డులోనే ఒక నులకమంచం వేసుకుని ఉండిపోయాడు. ఆయన మాట తెలుగూ కాదు, హిందీ కాదు. రెండూ కలిసిన ఏదో ఒక మాట. దర్గా దగ్గర ఉర్సుకి వెళ్ళేవాడు. శివరాత్రికి జాగరం ఉండేవాడు. క్రిస్మస్‌కి చర్చి మెట్ల మీద కూర్చుని కేకు తినేవాడు. బొట్టు లేదు, టోపీ లేదు, మెడలో ఏ దారమూ లేదు.

"నిన్న సాయంత్రం కూడా లేచి కూర్చున్నాడండీ. నాలుగు రోజులుగా జ్వరం. పొద్దున పనావిడ అన్నం తీసుకెళ్ళి లేపితే లేవలేదు" అన్నాడు రైతు. "మా ఆవిడ భయపడుతోంది. తోటలో దిక్కులేని చావు మంచిది కాదంటోంది. ఏం చెయ్యాలో మీరే చెప్పాలి."

నాన్నగారు ఉత్తరీయం వేసుకున్నారు. "దిక్కులేని చావు అనకు" అన్నారు. "మనం లేమూ?"

రైతు తెచ్చిన జీపులో వెళ్ళాం. తోట మొదట్లో దిగేసరికి వాన సన్నబడింది. చెట్ల కింద జనం. ఒక్క తోటకి ఇంతమంది పనివాళ్ళుండరు. ఆయన అంట్లు కట్టిన పక్క తోటల నుంచి, అవతలి ఊళ్ళ నుంచి, నెత్తిన గోనెసంచులు కప్పుకుని జనం నడిచి వస్తూనే ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఎవరి తరఫున ఏడవాలో తెలియనట్టు నిలబడి ఉన్నారు.

షెడ్డులో ఆయన్ని మంచం మీదే ఉంచారు. తలాపున దీపం పెట్టారు. మంచం పక్కన నేల మీద ఒకావిడ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. ఈ అయిదారేళ్ళూ ఆయనకి రెండు పూటలా అన్నం పెట్టింది ఆవిడే. తోటలో కూలికి వచ్చేది, యాభై దాటిన మనిషి, భర్త లేడు. గుమ్మం దగ్గర బెంచీ మీద మామిడికాయల వ్యాపారి కూర్చుని ఉన్నాడు. ఆయన ముస్లిం. సీజన్‌లో ఈ చుట్టుపక్కల తోటల కాపు కొనేవాడు. తాతని ముప్ఫై ఏళ్ళుగా ఎరిగున్నవాడు.

నాన్నగారిని చూసి వ్యాపారి లేచి నిలబడ్డాడు. "పంతులుగారూ, నేనో మాట చెప్తానండీ, తప్పుగా అనుకోకండి. నేను ఈయన్ని ఉర్సులో చూశాను. దువాకి చెయ్యెత్తడం చూశాను. మా ఖబరస్తాన్‌లో పెద్దల్ని అడుగుదామని మనిషిని పంపించాను. మా మస్జిద్ పుస్తకంలో ఈయన పేరు లేదన్నారు. అసలు ఏ పేరని వెతుకుతారు చెప్పండి?"

"శివరాత్రికి మాతో పాటు గుడికాడ కూర్చునేవాడండీ" అన్నాడు గుమ్మంలోంచి ఒక కూలీ. "మనోడే. కాల్చాలి."

"మీలోనూ కాల్చరు కదరా, మీరు పూడుస్తారు" అన్నాడు రైతు.

"మేం పూడుస్తామండీ. ఆయన మాకంటే పెద్ద కులపోడైతేనో?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. కాలుద్దామంటే కట్టె తడిసి ఉంది. పూడుద్దామంటే ఏ నేలలో పూడ్చాలో తెలియదు. శ్మశానం అంటే ఒకటే అనుకుంటాం గానీ, ఊరి చివర దానికీ ఎన్నో గట్లుంటాయి. ఎవరి గట్టు వాళ్ళది. ఒక గట్టులోకి పేరు లేని మనిషిని రానివ్వడానికి ఎవరూ ముందుకి రాలేదు.

నాన్నగారు మంచం పక్కన గొంతుక్కూర్చున్నారు. అన్నం పెట్టిన ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, నీతో ఎప్పుడైనా ఏమైనా చెప్పాడా?" అని అడిగారు.

ఆవిడ మోకాళ్ళు వదిలి కొంచెం ముందుకి జరిగింది. తర్వాత చిన్నగా, "చెప్పాడండి. నాకే తెలీలా" అంది.

"ఏమన్నాడు?"

"మొన్న జొరం ఎక్కువైనప్పుడు నా చెయ్యి పట్టుకుని 'మిట్టీ దేనా అమ్మా, మిట్టీ దేనా' అన్నాడండి. మిట్టీ అంటే మట్టని నాకు తెలుసు. కుండీల్లోకి కావాల్సొచ్చినప్పుడల్లా మిట్టీ తే, మిట్టీ తే అనేవాడు. జొరంలో కూడా అంట్ల ధ్యాసే అనుకున్నా. చెరువు మట్టి ఒక బుట్టెడు తెచ్చి మంచం కాడ పెట్టా." ఆవిడ వేలు చూపించింది. మంచం కోడు పక్కన ఆ బుట్ట అలాగే ఉంది. "అది చూసి నవ్వాడండి. ఇంత మట్టి తీసుకుని వేళ్ళతో నలిపాడు. బాగుంది అన్నట్టు తలూపాడు. ఇంకేం అడగలా."

వ్యాపారి బెంచీ మీద మళ్ళీ కూర్చుండిపోయాడు. కాసేపు ముఖం మీద చెయ్యి పెట్టుకుని, "మిట్టీ దేనా అంటే మట్టి ఇవ్వడం, పంతులుగారూ" అన్నాడు. "మాలో ఎవరైనా పోతే మట్టి ఇవ్వడానికి వెళ్ళాం అంటాం. గుంట దగ్గర ప్రతివాడూ పిడికిలితో మూడుసార్లు మట్టి వేస్తాడు. అదే ఇవ్వడం. ఆయన ఈ తల్లిని అడిగింది అది."

"అయితే మీవాడే అన్నమాట" అన్నాడు రైతు.

వ్యాపారి తల అడ్డంగా ఊపాడు. "అలా కూడా చెప్పలేనండీ. నేను లోడు తీసుకుని ఉత్తరాదికి వెళ్తూ ఉంటాను. అక్కడ హిందువులు కూడా శవాన్ని మిట్టీ అనే అంటారు. కాల్చడానికి తీసుకెళ్తూ కూడా మిట్టీ లేచింది అంటారు. మాట ఒక్కటే. ఎవరి మాటో చెప్పలేం."

నాన్నగారు లేచారు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. ధాతుగర్భం అన్న మాట విన్న రోజున చూసిన ముఖం. "మన కూలీ జనం కూడా పూడ్చి వచ్చి, మట్టి చేసి వచ్చాం అంటారు" అన్నారు నెమ్మదిగా. "ఎవరి మాటైతే ఏం? అడిగాడు. అడిగింది ఇద్దాం."

తోట రైతు ఒప్పుకోవడానికి కొంచెం తటపటాయించాడు. చివరికి, తోట కొసన వాగుకి దిగే దారి పక్కన రాతినేల, ఏ మొక్కా పట్టని చోటు ఇస్తానన్నాడు. నలుగురు గడ్డపారలు పట్టుకుని వెళ్ళారు. షెడ్డు వెనక కట్టెల పొయ్యి రాజేసి డేగిసాలో నీళ్ళు పెట్టారు.

స్నానం చేయించాలి. ఎవరు చేయిస్తారు అన్న ప్రశ్న దగ్గర మళ్ళీ అందరూ ఆగిపోయారు. నాన్నగారు ఉత్తరీయం తీసి నా చేతికిచ్చారు. పంచె మోకాళ్ళ పైకి ఎగదోసి కట్టుకున్నారు. వ్యాపారి కూడా చొక్కా చేతులు మడిచాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. షెడ్డు తలుపు వేసుకున్నారు.

బయట మేమంతా చెట్ల కింద నిలబడ్డాం. ఆకుల మీది నీళ్ళు రాలి తలల మీద పడుతున్నాయి. లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు, మధ్యలో వ్యాపారి ఏదో చిన్న గొంతుతో చదవడం, నాన్నగారు ఏదో అనడం వినపడ్డాయి. రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడలేదు. ఒకరు ఆగితే ఒకరు అందుకున్నారు. లోపల ఉన్న ఆ ఇద్దరికీ ఆయన ఎవరో ఆ క్షణంలో తెలిసిపోయే ఉంటుందని బయట ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒంటి మీద గుర్తు ఉంటే ముస్లిం, లేకపోతే కాదు. అంతే కదా. మగవాళ్ళు తలుపు వైపే చూస్తూ ఉండిపోయారు.

తలుపు తెరుచుకుంది. తాతని తెల్లటి కొత్త గుడ్డలో చుట్టారు. ముఖం మాత్రం తెరిచి ఉంది.

"ఏం పంతులుగారూ?" అన్నాడు రైతు ఆత్రంగా. "తెలిసిందా?"

"స్నానం అయింది" అన్నారు నాన్నగారు.

రైతు వ్యాపారి వైపు చూశాడు. వ్యాపారి చేతులు తుడుచుకుంటూ, "అయిందండీ. పాడె కట్టించండి" అన్నాడు. ఇంకెవరూ అడగలేదు.

పచ్చి వెదురు దొరికింది. కూలీలు పాడె కట్టారు. మా నాన్నగారు జీవితంలో ఎన్ని పాడెలు కట్టించారో గానీ, మోయడం ఆ రోజే చూశాను. ముందు కుడి పక్క ఆయన, ఎడమ పక్క వ్యాపారి, వెనక ఇద్దరు కూలీలు. ఆయనకి కన్ను ఆనదు కాబట్టి నేను పక్కన నడుస్తూ, "బురద, నాన్నగారూ. ఇక్కడ వేరు" అని చెబుతూ వెళ్ళాను. ఆడపిల్లవి, వెనక్కి వెళ్ళు అని ఎవరూ అనలేదు. నా వెనక కూడా ఆడవాళ్ళు నడుస్తూనే ఉన్నారు.

తోట సగం దాటాక నాన్నగారు "దించండి" అన్నారు.

దింపుడు కళ్ళం అంటారు దాన్ని. శ్మశానానికి వెళ్ళే దారి మధ్యలో పాడె దించి, చనిపోయిన మనిషి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఒకవేళ ప్రాణం ఇంకా ఎక్కడైనా తచ్చాడుతూ ఉంటే, అయినవాళ్ళ గొంతు విని తిరిగొస్తుందని ఆశ. కొడుకో, అన్నో పిలుస్తాడు. పలకకపోతే మళ్ళీ ఎత్తుకుంటారు.

పాడె దించారు. ఎవరూ కదలలేదు. అప్పుడు గానీ మాకు అర్థం కాలేదు, పిలవడానికి పేరు లేదని.

"గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం అని చెప్పుకుంటాం" అన్నారు నాన్నగారు, తనలో తాను అనుకుంటున్నట్టు. "పేరు తెలియకపోతే ఏం చెయ్యాలో నేను చదివిన గుర్తు లేదు." ఆయన చుట్టూ ఉన్న జనాన్ని చూశారు. సరిగ్గా కనపడదు కాబట్టి కళ్ళు చిట్లించి చూశారు. "మీరంతా ఈయన్ని ఏమని పిలిచేవారు?"

వ్యాపారి ముందుగా వంగాడు. చెవి దగ్గర నోరు పెట్టి, "ఉస్తాద్" అన్నాడు. "ఉస్తాద్. ఉస్తాద్." లేచి నిలబడ్డప్పుడు ఆయన గడ్డం తడిసి ఉంది.

తోట రైతు వచ్చాడు. "అంట్ల తాతా" అని మూడుసార్లు పిలిచాడు.

పక్క తోట కాపలా మనిషి "సామీ" అన్నాడు. అవతలి ఊరి నుంచి నడిచొచ్చిన ఒక ముసలాయన పాడె పక్కన కూలబడి, "కత్తి మావా, ఓ కత్తి మావా" అని గట్టిగా అరిచాడు. వాళ్ళ ఊళ్ళో అదే పేరట. ఇంకొకరు "బైరాగీ" అన్నారు. ఇంకొకరు "పెద్దాయనా". ఒకమ్మాయి తన కాళ్ళకి అంటిన బురద చూసుకుని, వెనక నుంచే "మామిడి తాతా" అంది. ఒక్కొక్క తోటలో ఒక్కొక్క పేరు. వాళ్ళలో చాలామందికి అవతలివాళ్ళు ఆయన్ని ఇంకోలా పిలుస్తారని ఆ రోజే తెలిసింది. వరస కట్టి వచ్చి, వంగి, పిలిచి, పక్కకి జరుగుతున్నారు. వాన మళ్ళీ పెద్దదైంది. ఒకరు ఎవరిదో గొడుగు తీసుకుని ఆయన ముఖానికి అడ్డం పట్టారు.

నేను ఎంతోమంది పోవడం చూశాను. ఎన్నో ఇళ్ళ ముందు నిలబడ్డాను. ఒక మనిషికి ఇన్ని పేర్లుంటాయని, ఒక్క మనిషిలో ఇంతమంది ఉంటారని ఆ వానలో నిలబడి ఉండగా మొదటిసారి తెలిసింది. నాకు ఏడుపు రాలేదు. గుడిలో హారతి వెలిగించినప్పుడు అప్రయత్నంగా చేతులు జోడిస్తామే, అలా నా చేతులు వాటంతటవే జోడయ్యాయి.

చివరికి అన్నం పెట్టిన ఆవిడ మిగిలింది.

"నువ్వు పిలువమ్మా" అన్నారు నాన్నగారు.

"నేనేమనీ పిలిచేదాన్ని కాదండీ" అంది ఆవిడ. సిగ్గుపడుతున్నట్టు అంది. "పేరు పెట్టి ఎప్పుడూ పిలవలా."

"అన్నం పెట్టేటప్పుడు ఏమనేదానివి?"

ఆవిడ పాడె పక్కన కూర్చుంది. తడిసిన చెంగుతో ఆయన చెవి దగ్గర నీళ్ళు తుడిచింది. వంగి, మేమంతా వింటున్నామన్న ధ్యాస లేకుండా, రోజూ అనే గొంతుతోనే, "ఇదిగో, అన్నం" అంది.

ఆగింది. "ఇదిగో, అన్నం."

మూడోసారి సగమే అంది. "ఇదిగో..."

ఆ చెట్ల కింద అంతమందిమి ఉన్నాం. ఆకుల మీద పడే వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మేమంతా నిజంగానే ఎదురుచూశాం. ఇన్ని గొంతులు పిలిచాక, అందులోనూ ఆ చివరి గొంతు పిలిచాక, ఆయన కళ్ళు తెరిచినా నేను ఆశ్చర్యపోయేదాన్ని కాదు.

"ఎత్తండి" అన్నారు నాన్నగారు కాసేపటికి.

గొయ్యి దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. మా పద్ధతిలో తల దక్షిణానికి పెట్టాలి. వ్యాపారి వాళ్ళ పద్ధతిలో తల ఉత్తరానికి పెట్టి, ముఖం పడమటికి తిప్పాలి. ఇద్దరూ గొయ్యికి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. మర్యాదగా ఒకరి కోసం ఒకరు ఆగారు. "మీరు చెప్పండి" అంటే "మీరు చెప్పండి" అనుకున్నారు. గడ్డపార పట్టుకున్న కూలీ విసుగ్గా, "ఏదో ఒకటి చెప్పండి బాబూ, గోతిలోకి నీళ్ళొచ్చేస్తన్నాయి" అన్నాడు.

నాన్నగారు వెనక్కి తిరిగి ఆవిడని అడిగారు. "షెడ్డులో తల ఎటు పెట్టుకుని పడుకునేవాడమ్మా?"

"తూరుపుకండి. పొద్దు ముఖాన పడకూడదని, తల తూరుపుకి పెట్టుకునేవాడు."

అలాగే పెట్టారు. నాన్నగారే గోతిలోకి దిగి అందుకున్నారు. అటు వైపు వ్యాపారి దిగాడు. అరవై దాటిన ఇద్దరు పెద్దవాళ్ళు, మోకాళ్ళ దాకా బురదలో, ఆ మనిషిని నిద్రపోతున్న పసివాణ్ణి పడుకోబెట్టినంత జాగ్రత్తగా పడుకోబెట్టారు. వాళ్ళని పైకి లాగడానికి నలుగురు కావాల్సొచ్చింది.

తర్వాత అందరం మట్టి ఇచ్చాం. పిడికిలితో మూడుసార్లు. ఎలా వెయ్యాలో వ్యాపారి చూపించాడు. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకున్నారు. నేనూ ఇచ్చాను. తడి మట్టి కాబట్టి రాలదు. గట్టిగా వదిలించుకోవాలి. వేళ్ళ సందుల్లో ఎర్రగా మిగిలిపోయింది.

ఇంటికొచ్చి పెరట్లో నూతి దగ్గర నాన్నగారి మీద నేనే నీళ్ళు తోడి పోశాను. చాలాసేపు పోశాను. చివరికి ఉండబట్టలేక, "తెలిసింది కదా నాన్నగారూ. ఎవరు ఆయన?" అని అడిగాను.

ఆయన ముఖం తుడుచుకున్నారు. "షెడ్డులో నీళ్ళు ఎక్కువ వేడిగా ఉన్నాయి" అన్నారు. "కొంచెం చల్లారనిచ్చి పోశాం." అన్నం వడ్డించమన్నారు.

ఆ సంగతి ఊళ్ళో పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎవరో తెలియనివాణ్ణి మోశాడట, గోతిలో దిగాడట అని మావాళ్ళలోనే కొన్ని ఇళ్ళవాళ్ళు నాన్నగారిని పిలవడం మానేశారు. ఒక పెద్దాయన మా ఇంటికే వచ్చి, ప్రాయశ్చిత్తం చేసుకోమని చెప్పి వెళ్ళాడు. నాన్నగారు ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి, మజ్జిగ తాగి పడుకున్నారు. అమ్మ కొన్నాళ్ళు బాధపడింది. కానీ ఆ ఏడాది దాటేసరికి తోటల వైపు నుంచి, ఎప్పుడూ పురోహితుణ్ణి పిలవని ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి గుమ్మం ముందు నిలబడటం మొదలుపెట్టారు. వాళ్ళకి మంత్రాలతో పనిలేదు. "మీరొచ్చి పక్కన నిలబడితే చాలండీ" అనేవారు. ఆయన వెళ్ళి నిలబడేవారు.

పదో రోజున నాన్నగారు నాతో చెప్పకుండా బస్సెక్కి వెళ్ళి, వాగు ఒడ్డున తిలోదకాలు విడిచి వచ్చారని నాకు తర్వాత తెలిసింది. ఆ ఆవిడ మూడో రోజే ఆకులో అన్నం పెట్టి కాకులకి చూపించిందట. వ్యాపారి నలభయ్యో రోజున ఎవరో పదిమందికి భోజనం పెట్టించాడట. ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకోలేదు. వ్యాపారి మాత్రం ఏటా కాయల కాలంలో ఒక బుట్ట చిన్న రసాలు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని వానల గురించి, పూత గురించి మాట్లాడుకునేవారు. ఆ షెడ్డు తలుపు వెనక చూసిన దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోగా నేను వినలేదు. ఇద్దరూ దాన్ని తమతోనే తీసుకుపోయారు.

ఆ చోట రాయి పెట్టలేదు. పెడితే ఏ గుర్తు చెక్కాలన్న మాట మళ్ళీ వస్తుంది కదా. రెండు వానాకాలాలు గడిచేసరికి మట్టి కుంగి, గడ్డి మొలిచి, చుట్టూ ఉన్న నేలతో కలిసిపోయింది. ఎనభైల చివర్లో ఒకసారి ఆ రైతు కూతురు పెళ్ళి పిలుపు మీద వెళ్ళినప్పుడు, ఎక్కడుందో చూద్దామని వాగు దారి దాకా నడిచాను. పోల్చుకోలేకపోయాను.

అప్పుడే ఆడకూలీలు బిందెలు తీసుకుని నీళ్ళకి వస్తున్నారు. ముందు నడుస్తున్నది ఆవిడే. నడుం వంగింది, జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి తలూపింది. ఆగలేదు. దారి వాగు వైపు తిన్నగానే ఉంది. ఒక చోటుకి వచ్చేసరికి మాత్రం ఆవిడ కిందికైనా చూడకుండా కొంచెం పక్కకి జరిగి, చుట్టు తిరిగి, మళ్ళీ దారిలోకి వచ్చింది. వెనక వస్తున్న వాళ్ళలో ఇద్దరు ముగ్గురు కొత్తగా పనికి చేరిన పిల్లలు. ఏదో నవ్వుకుంటూ మాట్లాడుకుంటున్నారు. వాళ్ళు కూడా ఆ చోట, మాటలు ఆపకుండానే, అలాగే పక్కకి జరిగి నడిచారు. అక్కడ గడ్డి మధ్య సన్నటి కాలిదారి ఒంపు తిరిగి ఉంది. నేనూ ఆ ఒంపు వెంటే నడిచి వెనక్కి వచ్చాను.